ఠాకురాణి యాత్రలో పుష్ప వేషం: మొక్కా, లైకుల మోజా?

మగ్గంగుంట

అందరికీ నమస్కారం. నలభై సెకన్ల రీల్ ఒకటి ఈపాటికి మీ ఫోన్లకి వచ్చే ఉంటుంది. మన బరంపురం కుర్రాడు. మొహానికి నీలం రంగు, ముక్కుకి బులాకీ, మెడలో నిమ్మకాయల దండ, ఒంటి మీద పట్టుచీర. పుష్ప రెండో భాగంలో అల్లు అర్జున్ కట్టిన జాతర వేషం దించేశాడు. ఘటాలు వచ్చే వేళకి వీధి మధ్యలో నిలబడి, భుజం ఎగరేసి, గడ్డం కింద చెయ్యి తిప్పి చిందులు. హైదరాబాద్ పేజీ ఏదో దాన్ని ఎత్తుకుపోయి ‘ఒడిశాలో పుష్ప జాతర’ అని పెట్టింది. కింద కామెంట్లన్నీ చదివాను. మన అమ్మవారు ఠాకురాణి పేరు ఒక్కడు ఎత్తలేదు.

మన యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. అమ్మవారు గుడి వదిలి దేశీబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. ఆంధ్రా వైపు నుంచి వచ్చి మగ్గాలు పెట్టుకున్న మన నేతవాళ్లే ఆ పుట్టింటివాళ్లు. ఆడవాళ్లు రోజూ ఘటాలెత్తుకుని వీధులన్నీ తిరుగుతారు. వేషం కట్టేది మొక్కు ఉంటేనే. నాకు అయిదేళ్లప్పుడు జ్వరం తగ్గకపోతే పులి వేషం కట్టిస్తానని మా అమ్మ మొక్కుకుంది. ఒంటినిండా పసుపు రంగు పూసి నల్లచారలు గీశారు. అది వదలడానికి కిరసనాయిలు పెట్టి రుద్దారు. ఆ మంట ఇంకా గుర్తుంది. అది వేషమంటే.

యాత్రలో సినిమా వేషాలని రానివ్వాలా, వద్దా? సూటిగా చెప్పండి.

గోపాలపూర్ గాలి

రానివ్వాలి బాబాయ్. మీకు కిరసనాయిలు గుర్తుంది, వాడికి నిమ్మకాయల దండ గుర్తుంటుంది. నలభై ఏళ్ల తరవాత వాడూ ఇలాగే చెప్పుకుంటాడు.

ఇంకో సంగతి. సినిమావాళ్లు ఆ వేషం ఎక్కణ్ణుంచి తెచ్చారు? తిరుపతి గంగమ్మ జాతర నుంచి. అక్కడ మగాళ్లు చీరకట్టి మొక్కు తీర్చుకుంటారు. అమ్మవారి దగ్గర పుట్టింది సినిమాకి వెళ్లింది, తిరిగి ఇంకో అమ్మవారి దగ్గరికి వచ్చింది. అక్కాచెల్లెళ్ల ఇళ్ల మధ్య రాకపోకలు. మధ్యలో మనకేంటి నొప్పి?

రాత్రిడ్యూటీ

రానివ్వొచ్చు. ట్రాఫిక్ ఆపకపోతే చాలు.

విశాఖ వలసపక్షి

చర్చ మొదలుపెట్టే ముందు ఒక తప్పు దిద్దాలి. ఆ రీల్ కింద అందరూ ‘మాతంగి వేషం’ అని రాస్తున్నారు. అది మాతంగి కాదు.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మేలో జరుగుతుంది. రోజుకో వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇలా వరస ఉంది. ఆడవాళ్లని చెరిచే పాలెగాడు ఒకడు భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేషాలు మార్చిందని కథ చెప్తారు. దొర వేషంలో వాణ్ణి చంపింది. తరవాత మాతంగిగా వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. అంటే మాతంగి ఓదార్చే వేషం. తొడగొట్టే వేషం కాదు. సినిమాలో కలిపేశారు, మనవాడు ఆ కలిపేసిందాన్ని ఇంకా కలిపాడు. ముందు పేరు సరిచెయ్యండి, తరవాత వాదించుకుందాం.

అప్పడం

మన ఊరి అప్పడాలు వేయించుకుని కూర్చున్నాను. కానివ్వండి.

గోపాలపూర్ గాలి

వలసపక్షి గారూ, ఇల్లు కాలుతుంటే వాసాలు లెక్కపెట్టినట్టుంది మీ వరస. మాతంగి కాకపోతే ఇంకోటి. అడిగింది రానివ్వాలా, వద్దా అని.

విశాఖ వలసపక్షి

పేరు తెలియకుండా వేషం ఎలా కడతాడు? రేపు ఎవడో రాముడి వేషమని పది తలలు పెట్టుకొస్తాడు. దానికీ ‘ఇంకోటి’ అంటావా? పేరు ముఖ్యం తమ్ముడూ. నేను తిరుపతిలో మూడేళ్లు ఉద్యోగం చేశాను, చూసి చెప్తున్నాను.

కుంభం అంచు

మీరెవరూ చీర చూడలేదా? అది మన బరంపురం పట్టు. అంచు మీద ఫోడా కుంభం, అదే ఆ గుడి గోపురాల నేత, ఎంత తేటగా కనిపిస్తోందో. మా నాన్న నేసేవాడు కాబట్టి చెప్తున్నాను, ఆ అంచు కుదరాలంటే చూపూ నడుమూ రెండూ పోతాయి. పేజీవాడు దాన్ని ‘కాస్ట్యూమ్’ అని రాశాడు. మా నాన్న చీరలు నేశాడు బాబూ, కాస్ట్యూములు కాదు. పైగా కొంగుకి నీలం రంగు అంటింది. పట్టుకి అంటిన రంగు ఏ నూనెకీ వదలదు. వాళ్లమ్మ పెట్టెలోంచి తీసినదై ఉంటుంది, పాపం.

ఇంకో మాట. ఎండాకాలం ఉక్కలో రోజూ ఘటాలెత్తుకుని కాళ్లు బొబ్బలెక్కేలా తిరిగేది ఆడవాళ్లు. వాళ్ల మీద ఎవడూ రీల్ చెయ్యడు. మగాడు చీరకడితే దేశమంతా చూస్తుంది, మీరిక్కడ ధర్మసందేహాలు పెట్టుకుంటారు.

మగ్గంగుంట

అమ్మా, ఘటాల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అది వేరే చర్చ.

కుంభం అంచు

ఎప్పుడూ వేరే చర్చే అన్నయ్యా మాది.

రాత్రిడ్యూటీ

రీల్ మళ్లీ చూశాను, ఈసారి సౌండ్ పెట్టి. పాట ఎవరైనా విన్నారా? అది హిందీ వెర్షన్.

మగ్గంగుంట

అదీ సంగతి! నేను మ్యూట్‌లో చూశాను. తెలుగువాడి సినిమా, తెలుగువాడి వేషం, తెలుగు వీధి, పెట్టింది హిందీ పాట. ఇక దీనికి మొక్కు అని పేరు పెట్టకండి. తెలుగు పాట ఒకటి పెట్టుకోవడానికి వాడికేం రోగం? ఇంట్లో తెలుగు మాట్లాడరా? మన పిల్లలు మనకే కాకుండా పోతున్నారు.

విశాఖ వలసపక్షి

ఏమనుకోకండి గానీ, బరంపురంలో తెలుగు ఎప్పుడు సరిగ్గా ఉంది గనుక? నేనూ అక్కడే పుట్టాను కాబట్టి అనే చనువుంది. సగం మాటలు ఒడియా, మిగతా సగం యాస. మా అపార్ట్‌మెంట్‌లో మన ఊరివాళ్లు ఫోన్ మాట్లాడుతుంటే పక్కింటివాళ్లు ‘ఏ భాషండీ’ అని అడుగుతారు. పాట ఏ భాషలో ఉంటే ఏం తేడా?

అప్పడం

అయిపోయింది. ఇంక నిద్రపోయినట్టే మనం.

మగ్గంగుంట

వలసపక్షి గారూ, చనువు సంగతి తరవాత. మీరు ఊరొదిలి ఎన్నేళ్లయింది?

మా అబ్బాయికి హైదరాబాద్‌లో సంబంధం చూడ్డానికి వెళ్లాం. పెళ్లికూతురి మేనమామ నా మాట పదినిమిషాలు విని, ‘ఒరియావాళ్లయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారండీ’ అన్నాడు. మెచ్చుకున్నాననుకున్నాడు. మా ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది. ఆ సంబంధం కుదరలేదు, కారణం ఎవరూ చెప్పలేదు. పోనీ ఇక్కడ మనవాళ్లమా అంటే, భువనేశ్వర్‌లో నేను పనిచేసిన ఆఫీసులో నా పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ‘తెలెంగా’ అనేవారు, అంటే తెలుగువాడని. ఇక్కడ తెలెంగా, అక్కడికి పోతే ఒరియా.

వాడుకభాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మీరు తెలుగు భాషా దినోత్సవమని చేసుకుంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. పెద్దాయన, ఆయన్ని నేనేమీ అనను. కానీ మా తాతలు వెళ్లలేదు. మగ్గాన్ని గుంటలోంచి పెకలించుకుపోలేరు కదా. ఉన్నవాళ్ల తెలుగుని వెళ్లినవాళ్లు వెక్కిరిస్తే మాత్రం నేను ఊరుకోను.

విశాఖ వలసపక్షి

నేను సరదాకి వెళ్లలేదు. మా నాన్న పోయాక ఇల్లు గడవక వెళ్లాను. ఉన్నవాళ్లకి ఉండే వీలుంది, ఉన్నారు. అదేదో త్యాగంలా చెప్పకండి.

గోపాలపూర్ గాలి

ఇద్దరూ కాసేపు ఆగండి. ఒక సంగతి చెప్తాను, నవ్వకండి.

నాకు తెలుగు రాయడం రాదు. ఇప్పుడు ఇదంతా నేను మాట్లాడుతుంటే ఫోన్ రాసిపెడుతోంది. మీరు రాసే పేద్ద పేద్ద పోస్టులు మా అమ్మ చదివి వినిపిస్తోంది, ఆవిడ కూడా కూడబలుక్కునే. మా స్కూల్లో తెలుగు మాష్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. నేనప్పుడు మూడో తరగతి. అక్షరాలు సగం వచ్చాయి, సగం ఆగిపోయాయి. మిగతావి యూట్యూబ్‌లో పాటల లిరిక్ వీడియోలు చూసి పట్టుకున్నాను. పాట నడుస్తుంటే అక్షరాల రంగు మారుతుంది కదా, అలా. ‘ఋ’ ఇప్పటికీ రాదు, ఏ పాటలోనూ తగల్లేదు.

బాబాయ్, మీకు తెలుగంటే గిడుగు, తాతలు, మగ్గం. నాకు తెలుగంటే సినిమాయే. సినిమా తీసేస్తే నా దగ్గర మిగిలే తెలుగు మా అమ్మ తిట్లు. (ఇది చదివి ఇప్పుడే ఇంకోటి తిట్టింది.) ఆ రీల్ కుర్రాడిదీ ఇదే కథ అయ్యుంటుంది. వాణ్ణి యాత్రలోంచి గెంటేస్తే వాడు తెలుగు ఎక్కడ వెతుక్కోవాలి?

కుంభం అంచు

అమ్మకి నమస్కారం చెప్పు నాన్నా.

మగ్గంగుంట

స్కూలు సంగతి నాకు తెలుసు. ఆ కుర్చీ కోసం అర్జీలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ నువ్వు నా ప్రశ్న దాటేశావు. సినిమాయే తెలుగు అన్నావు. బాగుంది. మరి పాట హిందీలో ఎందుకు పెట్టాడు?

గోపాలపూర్ గాలి

తెలుగు ఆడియో పెడితే మన నాలుగు వీధులూ చూస్తాయి. హిందీ పెడితే దేశం చూస్తుంది. రీల్స్ చేసే ఎవర్నడిగినా చెప్తారు.

మగ్గంగుంట

అంటే లైకుల కోసమే. మొదటి పోస్టులో నేనడిగిందీ అదే. రాత్రంతా తిరిగి అక్కడికే వచ్చాం.

గోపాలపూర్ గాలి

లైకులు వస్తే మొక్కు చెల్లదా? మీరు పులి వేషం కట్టినప్పుడు వీధిలో అందరూ చూడలేదా? చూడాలనే కదా రంగు పూసింది! అప్పుడు చూసింది వంద మంది, ఇప్పుడు చూసింది లక్షల మంది. లెక్క తేడా, అంతే.

రాత్రిడ్యూటీ

ఇది మాత్రం పాయింటే.

మగ్గంగుంట

పాయింటు కాదు. నన్ను చూసినవాళ్లు అమ్మవారిని చూసి వెళ్లారు. ఈ లక్షల మంది వాణ్ణి చూసి పక్క రీల్‌కి వెళ్లారు.

కుంభం అంచు

చెప్పకూడదనుకున్నాను, కానీ మీరు ఆపేలా లేరు. ఆ అబ్బాయి మా పక్క సందులో వాడే. మొక్కు ఉన్నమాట నిజం. వాళ్లమ్మ ఆపరేషన్ అయ్యాక మొక్కుకున్నాడు. మొక్కింది పులి వేషం. ఆ రోజు పులి రంగు వేసే ముసలాయన దొరకలేదు, నలుగురు ముందే మాట్లాడేసుకున్నారట. తిథి దాటిపోతుందని టెన్షన్ పడి, ఫోన్‌లో చూసి తనంతట తనే ఈ వేషం కట్టాడు. వీడియో తీసింది స్నేహితుడు, పాట పెట్టిందీ ఆ స్నేహితుడే. చీర వాళ్లమ్మదే. రంగు వదల్లేదు. నేను చెప్పానా?

గోపాలపూర్ గాలి

విన్నారా బాబాయ్? మొక్కే!

మగ్గంగుంట

విన్నాను. పులి అని మొక్కి పుష్ప కడితే మొక్కు తీరదు. అమ్మవారి దగ్గర మాట మాటే. వాడు పులి బాకీ ఉన్నాడు.

గోపాలపూర్ గాలి

అంటే సినిమా వేషం తప్పని తేల్చేశారా?

మగ్గంగుంట

సినిమా ఊసు ఎవడెత్తాడు, నేను పులి సంగతి మాట్లాడుతున్నాను. అమ్మా, ఆ అబ్బాయికి చెప్పండి. వచ్చే యాత్రకి రంగు నేను వేస్తాను, ఆ ముసలాయన దగ్గర చూసి నేర్చుకున్నదే. చారలు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. కిరసనాయిలు ఇప్పుడు దొరకదు, కొబ్బరినూనె తెచ్చుకోమనండి. చీర మాత్రం కట్టుకు రావద్దనండి.

గోపాలపూర్ గాలి

వీడియో తియ్యొచ్చా?

మగ్గంగుంట

తెలుగు పాట పెడితే చూద్దాం.

అప్పడం

అప్పడాలు అయిపోయాయి.

విశాఖ వలసపక్షి

వచ్చే యాత్ర తేదీలు ఖాయమయ్యాక ఎవరైనా ఇక్కడ పెట్టండి. పొద్దున బండికి వస్తాను, ఊరు చూసి చాన్నాళ్లయింది. మాతంగి విషయంలో మాత్రం నా మాట మారదు.