నాలుగు తరాల కలయిక: చిలికా ఒడ్డున పెట్టుకోవాలా, మామ్మ ఇంట్లోనే పెట్టుకోవాలా?

ఉద్దానం మనవడు:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లె. మామ్మకి 86 ఏళ్లు. ఆవిడ పిల్లలు, మనవలు, మునిమనవలు అందరం చేరితే నలభై మంది దాటతాం. విశాఖలో కొందరు, హైదరాబాద్, బెంగళూరులో కొందరు, ఇద్దరు అమెరికాలో. అందరం ఆఖరుసారి కలిసింది తాతయ్య పెద్దకర్మకి. చావు కబురు వస్తేనే కలవడం ఇక చాలు, ఈ సంక్రాంతికి ఊరికే కలుద్దాం అని చిన్నాన్న పట్టుబట్టాడు. అందరూ సరే అన్నారు. ఎక్కడ అనేసరికి ఇల్లు రెండుగా చీలింది.

నేను ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ అంటున్నాను. ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం మీదుగా హైవే మీద 90 కిలోమీటర్ల దరిదాపు. ఒడిశా టూరిజం వాళ్ల అతిథిగృహం పంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది. చలికాలం కాబట్టి పక్షులుంటాయి. పైగా మామ్మ పుట్టిల్లు ఛత్రపురం వైపు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ ఊరున్న గంజాం జిల్లా చాలావరకు అటు వెళ్లిపోయింది, ఆవిడ తరఫు చుట్టాలు చాలామంది అక్కడే ఉండిపోయారు. మా తరానికి వాళ్ల ముఖాలు కూడా తెలియవు.

పెదనాన్న ససేమిరా అంటున్నారు. సొంతిల్లు ఉండగా పరాయి చోట గదులు అద్దెకి తీసుకుని కలుసుకోవడం ఏమిటని ఆయన కోపం. ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి, ఏది నయం?

విజయనగరం మాస్టారు:
బాబూ, మీ పెదనాన్న మాటే నా మాట. చిలికా ఎవరి పిల్లలైనా ఎప్పుడైనా వెళ్లి చూడొచ్చు. మీ కొబ్బరితోట మాత్రం మీ పిల్లలే చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. తాతలు వేసిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. ఆ తర్వాత మళ్లీ మొక్కలు వేసినవాళ్లు మీ ఇంట్లోనే ఉండుంటారు. ఏ చెట్టు తుఫానుకి ముందుది, ఏది ఆ తర్వాత వేసింది అని తోటలో నడుస్తూ మీ పెదనాన్న చూపిస్తే, బెంగళూరులో పుట్టిన పిల్లవాడికి తన ఇంటిపేరు వెనక ఏముందో తెలుస్తుంది. రంభలో ఏ గైడూ ఇది చెప్పలేడు.

మా విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఆ రోజుకి ఊరి ఆడపిల్లలంతా పుట్టింటికి వస్తారు. ఎవరూ హోటల్లో దిగరు. ఇల్లు చాలకపోతే చాపలు వేసుకుంటారు.

సోంపేట కోడలు:
మాస్టారూ, మీరంటే గౌరవమే. ఆ చాపలు వేసేదెవరు, తీసేదెవరు అన్నది కూడా ఈ చర్చలోకి రావాలి.

మా అత్తవారింట్లో ఇలాంటి కలయికలు జరుగుతూనే ఉంటాయి. తెల్లవారుజామున లేచి పెద్ద డేగిసాలో నీళ్లు పెట్టడంతో మొదలవుతుంది. ఇడ్లీ వాయి తరవాత వాయి. పిల్లలు తిన్నారనుకునేసరికి మగవాళ్లు కాఫీ రెండోసారి అడుగుతారు. మధ్యాహ్నం మొదటి బంతి మగవాళ్లకి, రెండోది పిల్లలకి, ముసలివాళ్లకి. మేము కూర్చునేసరికి మూడు దాటుతుంది. అప్పటికి పనసపొట్టు కూర గిన్నె అడుక్కి అంటుకుని ఉంటుంది, చారు చల్లారిపోయి ఉంటుంది. సాయంత్రం నువ్వుండలు, జంతికలు, మళ్లీ కాఫీ. మా పెద్దాడపడుచు అప్ప విశాఖ నుంచి వచ్చి మూడు రోజులుండి వెళ్లింది. ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదని నాకు తరవాత ఫోన్లో తెలిసింది. ఒకే ఇంట్లో ఉన్నాం. పక్కపక్కన నిలబడి ఉల్లిపాయలు కోశాం. ఆవిడ చెప్పడానికి, నేను అడగడానికి ఇద్దరికీ తీరిక దొరకలేదు.

వంటవాళ్లని పెట్టుకోండి అంటారు. మేమూ పెట్టాం. వాళ్లకి ఉప్పు ఎక్కడుంది, పాలు ఎన్ని తోడు పెట్టాలి, గ్యాస్ బండ అయిపోయింది, ఇంకో పది విస్తళ్లు కావాలి అంటూ పొద్దస్తమానం పిలుపులే. ఇల్లు మాది కనక జవాబుదారీ మాదే.

అందుకే నా ఓటు రంభకి. సరస్సు కోసం కాదు. అక్కడ వంటగది మాది కాదు కాబట్టి.

విజయనగరం మాస్టారు:
అమ్మా, మీరు రాసింది మా ఇంట్లోనూ జరుగుతుంది, కాదనను. కానీ దానికి మందు మగవాళ్లు పనిలో దిగడం. ఊరు మానేయడం ఎలా అవుతుంది?

సోంపేట కోడలు:
దిగుతారని మీరు హామీ ఇస్తే నేనూ ఊరికే ఓటేస్తాను. పండగ పూట కొత్తగా అలవాటు అవుతుందని మాత్రం నాకు నమ్మకం లేదు.

తేలినీలాపురం కుర్రాడు:
ముందు చిలికా సంగతి సరిగ్గా తెలుసుకుని నిర్ణయించుకోండి. చాలామంది దాన్ని నేషనల్ పార్కు అనుకుంటారు, కాదు. 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద మన దేశం నుంచి మొట్టమొదట గుర్తింపు పొందిన చిత్తడి నేలల్లో అదొకటి. సరస్సులో నలబన అనే దీవి మాత్రం పక్షుల అభయారణ్యం. 15 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది, వానాకాలంలో నీట మునిగి చలికాలానికి మళ్లీ తేలుతుంది. అలాంటి చోటికి పొయ్యిలు, స్పీకర్లు, డిస్పోజబుల్ ప్లేట్లు మోసుకెళ్లి పిక్నిక్ చేద్దామనుకుంటే కుదరదు, చెయ్యకూడదు కూడా. డాల్ఫిన్లు చూపిస్తామని పిల్లలకి మాటిచ్చేయకండి. అవి ఎక్కువగా సాతపడా వైపు కనిపిస్తాయి. అది సరస్సుకి అవతలి కొస, రంభ నుంచి చాలా దూరం.

రెండో మాట, తేదీ. మకర సంక్రాంతికి కాళిజాయి అమ్మవారి దీవికి జనం తండోపతండాలుగా వస్తారు. ఆ రెండు మూడు రోజులు బాలుగావ్, బర్కుల్ వైపు పడవ దొరకడం గగనం. నలభై మందిలో ముసలివాళ్లని, పసిపిల్లలని పెట్టుకుని ఆ తొక్కిడిలోకి వెళ్లొద్దు. డిసెంబరు ఆఖరి వారం కూడా అంతే, కొత్త సంవత్సరం జనం.

పక్షులే కావాలంటే మా ఊరు ఉంది కదా. టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలమంతా మా ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. పడవెక్కక్కర్లేదు. మీ మామ్మ కుర్చీలో కూర్చుని తలెత్తితే చాలు. అవి రాని ఏడు ఊరికి అరిష్టమని మా పెద్దవాళ్లు భయపడతారు, అందుకే ఎవరూ రాయి కూడా విసరరు.

బీల గట్టు:
అందరూ అటు ఇటు చెప్తన్నారు గానీ, మన బీల మాటేటి? కవిటి, కంచిలి, సోంపేట మధ్యన అంత నీరు, అంత పచ్చిక ఉంది. చేపలు, పక్షులు, పశువుల మేత అన్నీ దాని మీదే. దాన్ని కాపాడుకోడానికే 2010 జూలైలో జనం థర్మల్ ప్లాంటుకి ఎదురు నిలబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. గదులు, బోటింగు ఏవీ లేవు, నిజమే. సాయంత్రం పూట మీ గుంటలందరినీ ఆ గట్టు మీదకి తీసుకెళ్లి ఈ కథ చెప్పండి. మన ఊరి పక్క సరస్సు పేరు తెలియని పిల్లలకి ఒడిశా సరస్సు చూపించి ఏటి లాభం?

ఆమదాలవలస ప్యాసింజర్:
ఎక్కడ కలిసినా ముందు రావాలి కదా. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకు 120 ఉండేది. సంక్రాంతి రైళ్లు తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టు. ఒక టికెట్ మీద ఆరుగురే. ఎవరి టికెట్ ఎవరు తీస్తారో ఇప్పుడే పంచుకోండి. పెద్దవాళ్లకి వయసు సరిగ్గా రాస్తే, ఖాళీ ఉన్నంతవరకు రైల్వే కింది బెర్త్ ఇస్తుంది. రాయితీ మాత్రం 2020 మార్చి నుంచి లేదు, లెక్కలో వేసుకోకండి.

పలాస సిస్టర్:
నేను ఆసుపత్రిలో పనిచేస్తాను కనక అడుగుతున్నాను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం కుటుంబం అంటున్నారు, నలభై మంది అంటున్నారు. మీలో ఆ జబ్బుతో ఉన్నవాళ్లు ఎవరూ లేరా?

ఉద్దానం మనవడు:
ఉన్నారండీ. మా పెద్దమామయ్య. పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆయన "నన్ను వదిలేయండి, మీరు వెళ్లి రండి" అంటున్నారు.

పలాస సిస్టర్:
ఆయన అలాగే అంటారు. ఉద్దానంలో ప్రతి ఇంట్లో అలా అనే మనిషి ఒకరుంటారు. దయచేసి ఆ మాట పట్టుకుని ఆయన్ని వదిలేయకండి. చోటు సంగతి తరవాత, ముందు ఆయన డయాలసిస్ రోజులు కాగితం మీద రాయండి. మామూలుగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చేయించుకున్న రోజు నీరసంగా ఉంటారు, మర్నాడు తేరుకుంటారు. కలిసి బయటికి వెళ్లేది ఆ మర్నాడే పెట్టుకోవాలి. మూడు రోజులు వరసగా రంభలో ఉంటే ఒక డయాలసిస్ పోతుంది. పోనివ్వకూడదు.

ఇంకొకటి. మన ఇళ్లలో చుట్టాలు రాగానే కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. ఆయనకి అది ఇవ్వొద్దు. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె మీద పడుతుంది. ఎండుచేప, ఊరగాయలో ఉప్పుంటుంది, ఉప్పు తింటే దాహం వేస్తుంది, ఆయన తాగే నీళ్లకి కొలత ఉంటుంది. అందరూ తింటుంటే ఆయన ఒక్కరూ వద్దు వద్దు అని చెప్పుకోవాల్సి రావడమే పెద్ద బాధ. ఆయన తినగలిగేవి ఒకటి రెండు అందరికీ వడ్డించండి, ప్రత్యేకంగా కనిపించదు.

టెక్కలి నుంచి డల్లాస్:
బయట నుంచి వచ్చేవాళ్ల తరఫున చెప్తాను. మా పిల్లలకి సరస్సులు, పార్కులు కొత్త కాదు, ఇక్కడ వేసవంతా అవే. వాళ్లకి కొత్తది ముత్తవ్వ పక్కన పడుకుని ఆవిడ మాటలు వినడం. అందుకని నేను ఊరి వైపే.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా వాళ్లే మొత్తం పెట్టేస్తారులే అని సాధారణంగా అనుకుంటారు. మేమూ ఒకసారి అలాగే పెట్టాం. ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్న తమ్ముడు రెండో రోజు నుంచి మాట్లాడటం తగ్గించేశాడు. ఇంటికి ఇంత అని చిన్న మొత్తమైనా అందరి దగ్గరా తీసుకోండి. బియ్యం, కొబ్బరికాయలు ఇచ్చినవాళ్లవి కూడా లెక్కలోకి రావాలి.

ఉద్దానం మనవడు:
ఇన్ని చెప్పారు, సంతోషం. నిన్న మామ్మనే అడిగాను. చెయ్యి పట్టుకుని చాలాసేపు పుట్టింటి కబుర్లు చెప్పింది. "చూడాలనుంది. కానీ రాత్రికి నా మంచం మీదకి తెచ్చేయాలి. కొత్తచోట బాత్రూముకి లేవలేను" అంది. మేము ఎవరం ఈ మాట అనుకోలేదు.

దాంతో మూడు రోజుల గదుల మాట మానేశాం. ఉండటం ఊళ్లోనే. రంభకి ఒక్క రోజు, రావాలనుకున్నవాళ్లం పొద్దున్నే బయలుదేరి చీకటి పడేలోగా తిరిగొస్తాం. దారిలో ఛత్రపురంలో మామ్మ తరఫువాళ్లని కలుస్తాం. ఆ రోజు మామయ్య డయాలసిస్ మర్నాడే వచ్చేలా చూస్తున్నాం. బీల గట్టుకి ఒక సాయంత్రం. పెదనాన్న "కనుమ నాడు కాకైనా కదలదు, ఆ రోజు మాత్రం ఎవరూ గడప దాటకూడదు" అని ఒక్క షరతు పెట్టారు. సరే అన్నాం.

సోంపేట కోడలు:
మామ్మగారి మాటకి తిరుగు లేదు. ఊళ్లోనే ఉండండి. అయితే నేను అడిగింది అలాగే ఉండిపోయింది. నలభై మందికి రెండు పూటలా ఎవరు వండుతారు? కనుమ రోజు మాంసం ఎవరు వండుతారు? రంభకి వెళ్లే రోజు పొద్దున్నే పులిహోర పొట్లాలు కట్టేదెవరు?

ఉద్దానం మనవడు:
పొట్లాలు లేవండీ, టిఫిను బరంపురంలో హోటల్లో. కనుమ మాంసం చిన్నాన్న, నేను, ఇద్దరు బావలు. మిగతా రోజులకి వంటవాళ్లు, వాళ్లకి కావాల్సినవి అందించడానికి పూటకి ఇద్దరు మగవాళ్ల పేర్లు రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పెదనాన్న పేరు కూడా ఉంది. ఆయన ఇంకా ఏమీ అనలేదు.

సోంపేట కోడలు:
ఆడవాళ్లకి మొదటి బంతి అని కూడా ఆ కాగితంలో రాయండి. రాయకపోతే జరగదు.

తేలినీలాపురం కుర్రాడు:
అయితే రంభ ముక్కనుమ మర్నాడు పెట్టుకోండి, అప్పటికి కాళిజాయి జనం తగ్గుతారు. పడవ పొద్దున్న పూటే, గాలి లేవకముందు ఎక్కండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేవో ముందురోజే ఫోన్ చేసి అడగండి, పెద్దవాళ్లవి పిల్లలకి వేస్తే నీళ్లలో తలమీంచి జారిపోతాయి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు ఎంతమంది పోయారో మనందరికీ గుర్తే. ఒకే పడవలో అందరూ ఎక్కుదామని పిల్లలు మారాం చేసినా వినకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని పడవలోకి దించడం కష్టం. మీ మామ్మగారికి, మామయ్యగారికి ఒడ్డునే నీడలో కుర్చీలు వేయించి, వాళ్ల దగ్గర ఎవరు ఉంటారో కూడా ముందే అనుకోండి.

ఉద్దానం మనవడు:
పడవ ఎక్కనని మామ్మ ముందే చెప్పేసింది. ఆవిడ దగ్గర నేనుంటాను.