వితండవాదం అంటే మొండివాదనేనా?

ప్రశ్న: తత్వశాస్త్ర వ్యాసాలు చదవడం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒక వ్యాసం మీద విమర్శ రాసి మిత్రుడికి చూపిస్తే, "ఖండించావు సరే, నీ అభిప్రాయం ఏదీ? ఇది వితండవాదం" అన్నాడు. నేను మొండిగా ఏమీ రాయలేదు. అసలు ఈ మాటకు అర్థం మొండివాదన కాదా?

జవాబు: శాస్త్రార్థం ప్రకారం మీ మిత్రుడు ఆ మాట సరిగ్గానే వాడారు. తిట్టుగా వాడి ఉంటే మాత్రం తొందరపడ్డారు.

ఇవాళ మనం దేన్ని వితండవాదం అంటున్నాం? ఎంత చెప్పినా వినకుండా, తన మాటే నెగ్గాలని అడ్డగోలుగా వాదించడాన్ని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. న్యాయశాస్త్రంలోని (ఇక్కడ చట్టం కాదు, ప్రాచీన భారతీయ తర్కశాస్త్రం) వితండ దీనికి దాదాపు తలకిందులు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. ప్రమాణాలతో (నమ్మదగిన ఆధారాలతో), తర్కంతో ఏది నిజమో తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే అది వాదం. గెలవడమే ముఖ్యమై మాటల గారడీకి కూడా దిగితే జల్పం. ఆ జల్పంలోనే ఒకరు తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా, ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. అంటే వైతండికుడి చేతిలో అసలు కుందేలే ఉండదు. మీ కుందేలు కాళ్ళు లెక్కపెడుతుంటాడు, అంతే.

మాటల గారడీకి శాస్త్రంలో పేరు ఛలం. దానికిచ్చే పాత ఉదాహరణ తెలుగులో కూడా చక్కగా పనిచేస్తుంది. 'ఇతడు నవకంబలుడు' అని ఒకరంటారు, కొత్త కంబళి కప్పుకున్నాడనే ఉద్దేశంతో. 'తొమ్మిది కంబళ్ళెక్కడివి, ఒకటేగా ఉంది!' అని రెండోవాడు పట్టుకుంటాడు. టీవీ చర్చలు చూసేవాళ్ళకు ఇదేం కొత్త కాదు.

ఇక, సొంత పక్షం చెప్పకుండా ఖండించడం తప్పా? న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో ఒక వాదన వస్తుంది. శబ్దం నిత్యం, అంటే పుట్టుక, నాశనం లేనిది, ఎందుకంటే దానికి స్పర్శ లేదు. స్పర్శ ఉన్న కుండ అనిత్యం, శబ్దం అలాంటిది కాదు. ఇక్కడ ప్రతిజ్ఞ, అంటే నిరూపించదలచిన మాట, 'శబ్దం నిత్యం' అన్నది. హేతువు, అంటే దానికి చూపే కారణం, స్పర్శ లేకపోవడం. ఈ రెండింటినీ కలిపే మూడో సంగతి ఒకటి పైకి చెప్పకుండా ఉండిపోయింది: స్పర్శ లేనిదల్లా నిత్యమే అని. దీన్నే వ్యాప్తి అంటారు. ఏ వాదన చదువుతున్నా ముందు దీన్ని బయటికి లాగి, పూర్తి వాక్యంగా కాగితం మీద పెట్టండి. లోపం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఈ వాదననే చూడండి. మనసులో మెదిలే ఆలోచనకూ స్పర్శ లేదు, కానీ అది పుడుతుంది, పోతుంది. వ్యాప్తి అక్కడికక్కడే తెగిపోయింది. హేతువు నిత్యమైనవాటి దగ్గరా, కానివాటి దగ్గరా కనిపిస్తోంది కాబట్టి దీన్ని సవ్యభిచారం అన్నారు. న్యాయసూత్రాలు చెప్పే ఐదు హేత్వాభాసల్లో (హేతువులా కనిపించే తప్పుడు హేతువుల్లో) మొదటిది ఇదే.

ఆలోచనను ఉదాహరణగా తెచ్చినవాడు శబ్దం నిత్యమని చెప్పలేదు, అనిత్యమనీ చెప్పలేదు. ఈ హేతువుతో ఈ ప్రతిజ్ఞ నిలవదన్నాడు, ఆ మాట పూర్తిగా సరైనది. నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్ళు, శబ్దం అనిత్యమనే అంటారు, కానీ దానికి 'పుట్టేది కాబట్టి' అనే వేరే హేతువు చూపి, విడిగా నిరూపించుకుంటారు. మీ విమర్శ కూడా 'ఈ కారణం చాలదు' అన్నచోట ఆగితే అందులో లోటేమీ లేదు. 'కాబట్టి రచయిత చెప్పింది అబద్ధం' అని ఒక్క అడుగు ముందుకేశారా, ఆ కొత్త ప్రతిజ్ఞకు హేతువు మీరే చూపాలి. మీ విమర్శ చివరి పేరా ఒకసారి చూసుకోండి. కొత్తగా రాసేవాళ్ళు తెలియకుండానే జారిపోయేది అక్కడే.

వితండను చిన్నచూపు చూడలేం కూడా. 12వ శతాబ్దపు శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో నైయాయికుల నిర్వచనాలను వరసపెట్టి పడగొడతాడు, వాటి స్థానంలో తనవి పెట్టడు. శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలుగు చేసిన నైషధం రాసిన కవి ఈయనే! దమయంతిని అంత సుకుమారంగా వర్ణించిన మనిషి ప్రతివాదికి ఊపిరాడనివ్వడు.

ప్రశ్న (ఇంకొకరు): మరి గౌతముడు వాదాన్ని మంచిదిగా, మిగతా రెండింటినీ చెడ్డవిగా చూపలేదా?

జవాబు: అంత సూటిగా లేదు. మొలకెత్తుతున్న విత్తనాలకు ముళ్ళకంప అడ్డం పెట్టినట్టు, తత్త్వ నిశ్చయాన్ని కాపాడుకోవడానికి జల్పవితండలు అని నాలుగో అధ్యాయంలో ఆయనే అన్నాడు.

ప్రశ్న: పాత గ్రంథాల అనువాదాలు చదువుతుంటే ఇంకో ఇబ్బంది. రచయిత ఒక పేజీలో ఒకటి అంటాడు, పక్క పేజీలో దాన్నే కాదంటాడు. ఏది ఆయన మాటో ఎలా తెలుస్తుంది?

జవాబు: మొదటిది పూర్వపక్షం అయ్యుంటుంది, అంటే ఖండించడానికి ముందుగా చెప్పే ఎదుటివాడి వాదన. సంస్కృతంలో 'నను' అని మొదలైతే చాలావరకు ఎదుటివాడి ఆక్షేపణ వస్తోందని గుర్తు. 'ఇతి చేత్, న' అంటే 'అంటావా, కాదు' అని. అక్కడినుంచి రచయిత సమాధానం. తెలుగులో 'అనవచ్చు', 'అంటారేమో', 'అని కొందరి వాదన' లాంటివి ఆ పనే చేస్తాయి. ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండా పూర్వపక్షం రెండు పేజీలు సాగుతుంది. అలాంటప్పుడు ముందు ఖండన ఎక్కడ మొదలైందో వెతికి, వెనక్కి రండి. చదువుతూ మార్జిన్‌లో పెన్సిల్‌తో 'పూ' అనో 'సి' అనో రాసుకుంటే, పూర్వపక్షం ఏదో, సిద్ధాంతం (రచయిత సొంత నిర్ణయం) ఏదో కలగాపులగం కాదు. పూర్వపక్షంలోంచి ఒక వాక్యం తీసి 'ఆది శంకరుడే ఇలా అన్నాడు' అని పోస్టులు పెట్టేవాళ్ళు మన మధ్యే ఉన్నారు, పేర్లెందుకు!