పైలట్ల చేతికి తుపాకీ: రక్షణా, కొత్త ప్రమాదమా?

షార్లెట్ ప్రవాసి:
2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికా 2002లో చట్టం చేసి, శిక్షణ పొందిన పైలట్లు కాక్‌పిట్‌లో పిస్టల్ ఉంచుకోవడానికి అనుమతించినప్పుడు నాకు ధైర్యం కలిగింది. అయితే 2008 మార్చి 22న డెన్వర్ నుంచి మా ఊరికి వస్తున్న విమానంలో, దిగడానికి సిద్ధమవుతూ పైలట్ పిస్టల్‌ను సర్దుతుండగా అది పేలి, గుండు విమానం గోడను చీల్చుకుని బయటికి పోయింది. ఎవరికీ ఏమీ కాకపోయినా, ఆ దారిలో తరచూ ప్రయాణించే నాకు ఆనాటి భయం ఇంకా పోలేదు.

శంషాబాద్ ఇంజినీరు:
గుండు చేసిన చిన్న రంధ్రం వల్ల విమానం పేలిపోదు. లోపలి గాలిని బయటికి వదిలే కవాటం కొంత మూసుకుని పీడనాన్ని సరిచేస్తుంది. విమానాలు విప్పి చూసే నన్ను కలవరపెట్టేది వేరొకటి: కాక్‌పిట్‌లో జానెడు మేర కూడా తీగో, పరికరమో లేని చోటు కనబడదు.

రిటైర్డ్ ఆర్మరర్:
పోలీసు ఆయుధాగారంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. నేను చూసిన పొరపాటు పేలుళ్లన్నీ తుపాకీని తీసేటప్పుడో, పెట్టేటప్పుడో జరిగినవే. ఆ పైలట్లకు ఇచ్చిన ఒరలో తాళం కొక్కెం ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియంలోంచి దూరేది. పిస్టల్ పూర్తిగా లోపలికి దిగకపోతే, ఆ కొక్కెమే ట్రిగ్గర్‌ను నొక్కే వీలుండేది. కాబట్టి తప్పును పైలట్ మీద మాత్రమే వేయడం నాకు న్యాయంగా తోచదు. మాటిమాటికీ తాళం వేసి తీయమన్న పద్ధతినే ముందు మార్చవలసింది.

మాజీ విమాన సహాయకురాలు:
ఆర్మరర్ గారు, మీ మాట నిజం. కానీ అసలు రక్షణ కాక్‌పిట్ తలుపుది. పైలట్ బాత్రూముకు వచ్చిన ప్రతిసారీ భోజనాల బండిని దారికి అడ్డంగా నిలిపి, దాని వెనుక నేను నిలబడేదాన్ని. ఆ కొద్ది నిమిషాలు ఎంతో పొడవుగా అనిపించేవి. 2015లో జర్మన్‌వింగ్స్ విమానంలో కో-పైలట్ అలాంటి తలుపునే లోపల మూసుకుని, కెప్టెన్‌ను బయట ఉంచేసి, విమానాన్ని కూల్చి 150 మంది ప్రాణాలు పోగొట్టాడని తెలిసినా, తలుపునే నమ్ముతాను.

షార్లెట్ ప్రవాసి:
అమ్మా, మీరు బండితో చేసిన పనినే చేసే రెండో అడ్డును, కొత్తగా తయారయ్యే ప్రయాణికుల విమానాలకు తప్పనిసరి చేస్తూ 2023లో ఇక్కడ నిబంధన తెచ్చారు. ఇప్పటికే ఎగురుతున్న విమానాలకు అది వర్తించకపోవడం నాకు బాధగా ఉంది.