ఫుల్‌స్క్రీన్ పెడితే పక్క మానిటర్ ముట్టుకోగానే విండో మాయం, మిగతా విండోలన్నీ చిందరవందర. సాయం కావాలి

అర్ధరాత్రి కోడర్:
అందరికీ నమస్తే. సీ భాషలో ఎస్‌డీఎల్2 (విండోలు, కీబోర్డ్, మౌస్ పనులు చూసుకునే లైబ్రరీ) వాడి, ఫొటోలు చూపించే చిన్న ప్రోగ్రాం రాస్తున్నా. గీసేది ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో. మామూలు విండోలో ఏ గొడవా లేదు. ఎఫ్11 నొక్కి ఫుల్‌స్క్రీన్‌లోకి వెళ్లానో, కష్టాలు మొదలు.

లాప్‌టాప్‌కి పక్కన ఇంకో మానిటర్ తగిలించి ఉంది. ఒక తెర మీద ఫొటో పెట్టి రెండో తెర మీద ఎక్కడ క్లిక్ చేసినా ఫొటో విండో చటుక్కున టాస్క్‌బార్‌లోకి దూరిపోతుంది. ప్రోగ్రాం మూసేసి చూస్తే అంతకుముందు తెరిచి ఉన్న బ్రౌజర్, ఎడిటర్ అన్నీ ముడుచుకుని ఎడమ మూలన పోగుపడి ఉంటున్నాయి. పైగా లాప్‌టాప్ తెర మీద ఫొటో మసకగా ఉంది. అది 1920×1080 తెర, కానీ డెస్క్‌టాప్ సైజెంత అని అడిగితే ఎస్‌డీఎల్ 1280×720 అంటోంది! చివరిది, కీబోర్డ్‌లో 'ఓ' (O) కీ నొక్కితే ఫైల్ ఎంచుకునే డైలాగ్ రావాలి. మామూలు విండోలో వస్తుంది, ఫుల్‌స్క్రీన్‌లో రాదు.

విండోస్ 10. ఫుల్‌స్క్రీన్ ఫ్లాగ్ ఇచ్చి 1024×768 అడుగుతున్నా. ఎందుకంటే చెప్పలేను, చూసి రాసుకున్న పాత పాఠంలో అలా ఉంది.

పాతకాపు:
కోడర్ గారూ, మీరు నాలుగు కష్టాలు చెప్పారు గానీ మొదటి రెండూ ఒకటే. మీరిస్తున్న "ఎస్‌డీఎల్ విండో ఫుల్‌స్క్రీన్" ఫ్లాగ్ మానిటర్ రిజల్యూషన్‌నే మార్చేస్తుంది. 1024×768 అడిగారు, తెర మొత్తం 1024×768 అయి కూర్చుంది. వెనకున్న బ్రౌజర్ ఏం చేస్తుంది పాపం? డెస్క్‌టాప్ చిన్నదైంది కాబట్టి విండోస్ దాన్ని కుదించి లోపలికి తోసేస్తుంది. మీరు బయటికొచ్చాక రిజల్యూషన్ వెనక్కి వస్తుంది, తోసిన విండోలు మాత్రం తోసినచోటే ఉంటాయి. టాస్క్‌బార్‌లోకి దూరడమూ ఇందుకే. మార్చిన రిజల్యూషన్‌తో మిగతా పనులు చేసుకోవడం కష్టం కదా అని, ఫోకస్ పోగానే ఎస్‌డీఎల్ మీ విండోని దించేసి పాత రిజల్యూషన్ పెట్టేస్తుంది. అంటే అది తప్పు చేయట్లేదు, మీరు అడిగిందే మర్యాదగా చేస్తోంది.

సీఆర్‌టీ మానిటర్ల రోజుల్లో ఈ పద్ధతికి అర్థం ఉండేది. ఆ గాజు తెరకి ఇన్నే పిక్సెళ్లని గట్టి లెక్క లేదు, 640×480 ఇచ్చినా 1024×768 ఇచ్చినా నిండుగా గీసేది. ఎల్‌సీడీకి ఉన్న పిక్సెళ్లు ఉన్నాయంతే. తక్కువ ఇస్తే సాగదీస్తుంది. మీ మసకలో సగం వాటా దానిదే.

మందు: "ఫుల్‌స్క్రీన్ డెస్క్‌టాప్" ఫ్లాగ్ వాడండి. అది రిజల్యూషన్ జోలికి పోదు, తెర అంత సైజున అంచుల్లేని విండో పరుస్తుంది. ఎస్‌డీఎల్3లో అయితే మామూలుగా వచ్చేదే ఇది, రిజల్యూషన్ మార్చాలంటేనే ప్రత్యేకంగా అడగాలి. దాంతోపాటు "వీడియో మినిమైజ్ ఆన్ ఫోకస్ లాస్" హింట్‌ని సున్నా చేసేయండి. జీఎల్ఎఫ్‌డబ్ల్యూ (ఎస్‌డీఎల్ లాంటి ఇంకో లైబ్రరీ) వాడేవాళ్లకి ఇదే పని చేసేది "ఆటో ఐకానిఫై". అది మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, తెలీక చాలామంది జుట్టు పీక్కుంటారు.

బొమ్మ 1024×768దే కావాలంటే మీరే పెద్దది చేసుకోండి. 1080ని 768తో భాగిస్తే 1.40625. వెడల్పు 1440 అవుతుంది. 1920లో మిగిలిన 480ని రెండు పక్కలా 240 చొప్పున నల్లగా వదిలేయండి. మౌస్ ఎక్కడ నొక్కారో లెక్కేసేటప్పుడు ఆ 240 తీసేసి 1.40625తో భాగించడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయి, బటన్ ఒకచోట ఉంటే క్లిక్ ఇంకోచోట పడే ప్రోగ్రాం ఒకటి చూపించడానికి పట్టుకెళ్లా.

ఇక 1280×720. దాన్ని ఒకటిన్నరతో గుణించి చూడండి. మీ లాప్‌టాప్‌లో స్కేలింగ్ 150 శాతం ఉంది కదూ? "నాకు డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో) తెలుసు" అని ప్రోగ్రాం చెప్పకపోతే, తెర చిన్నదని అబద్ధం చెప్పి, మీరు గీసింది తీసుకుని విండోసే సాగదీస్తుంది. మసకలో మిగతా సగం ఇదీ. మ్యానిఫెస్ట్‌లో (ప్రోగ్రాం గురించి విండోస్‌కి చెప్పే ఫైల్) "పర్ మానిటర్ వీ2" అని రాయండి (విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ఉంది). ఎస్‌డీఎల్ 2.24 లేదా ఆపైది అయితే డీపీఐ అవేర్‌నెస్ హింట్‌తో కూడా అవుతుంది, కాకపోతే ఎస్‌డీఎల్ ఇనిట్‌కి ముందే పెట్టాలి.

డైలాగ్ సంగతి: దాన్ని తెరిచేటప్పుడు ఓనర్ విండో (డైలాగ్ ఏ విండోకి చెందిందో అది) ఏమిచ్చారు?

ఫ్రేమ్‌రేట్ భక్తుడు:
పాతకాపు గారు చెప్పింది ఫొటోలకి సరే. గేములకి మాత్రం ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీనే (తెర మొత్తాన్నీ ఒక్క ప్రోగ్రామే పట్టుకునే పద్ధతి). అంచుల్లేని విండో అయితే డీడబ్ల్యూఎం (విండోలన్నిటినీ కలిపి తెరకి పంపే విండోస్ భాగం) మధ్యలో దూరి ఒక ఫ్రేమ్ ఆలస్యం చేస్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లు, ఆడేవాడికి తెలుస్తుంది.

పాతకాపు:
ఒకప్పుడు నిజమే, కాదనను. పాత పద్ధతిలో మీ ఫ్రేమ్‌ని డీడబ్ల్యూఎం తన దగ్గర కాపీ చేసుకుని, మిగతా విండోలతో కలిపి తెరకి పంపేది. డైరెక్ట్ఎక్స్‌లో ఫ్లిప్ మోడల్ స్వాప్ చెయిన్ (గీసిన ఫ్రేమ్‌లు వంతులవారీగా తెరకి వెళ్లే బఫర్ల వరుస) వాడితే లెక్క మారింది. విండో తెరంతా కప్పేసి, పైన ఇంకేమీ లేకపోతే, కలపడానికేమీ లేదు గనక మీ బఫర్‌నే నేరుగా తెర మీదికి తిప్పేయగలదు. దాన్ని ఇండిపెండెంట్ ఫ్లిప్ అంటారు. విండోస్ 10లో "ఫుల్‌స్క్రీన్ ఆప్టిమైజేషన్స్" కూడా ఇలాంటిదే. గేమ్ ఎక్స్‌క్లూజివ్ అడిగినా, లోపల్లోపల అంచుల్లేని విండోగానే నడిపిస్తుంది. మీరు ఎక్స్‌క్లూజివ్ అనుకుని ఆడుతున్న వాటిలో కొన్ని అసలు ఎక్స్‌క్లూజివ్ కాకపోవచ్చు. :)

డైరెక్ట్3డీ 9 రోజులు గుర్తున్నాయా? ఆల్ట్-ట్యాబ్ కొడితే "డివైస్ లాస్ట్". డిఫాల్ట్ పూల్‌లో పెట్టినవన్నీ వదిలేసి, రీసెట్ చేసి, మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాలి. ఒక్కటి వదలడం మర్చిపోయినా రీసెట్ ఫెయిల్. ఆ రోజులు మళ్లీ నాకొద్దు.

ఫ్రేమ్‌రేట్ భక్తుడు:
ఆ "కొన్ని" అన్న మాట దగ్గర నా గుండె కలుక్కుమంది. సరే, కొలిచి చూస్తా.

అర్ధరాత్రి కోడర్:
మొదటి మూడూ పోయాయి! మ్యానిఫెస్ట్ పెట్టగానే 1920×1080 వచ్చింది, ఫొటో కడిగినట్టుంది.

డైలాగ్‌కి ఓనర్ నల్ (అంటే ఏ విండో లేదని) ఇచ్చాను. ఒక విచిత్రం చెప్పాలి. ఓ నొక్కితే ప్రోగ్రాం బిగుసుకుపోయినట్టు ఉంటుంది కదా, విసుగొచ్చి ఎంటర్ కొట్టా. ఫొటో మారిపోయింది! అంటే డైలాగ్ ఉంది, కనిపించట్లేదంతే.

పాతకాపు:
అదే. మీ విండో వెనకాల కూర్చుని మీ కీబోర్డ్ అంతా వింటోంది. ఓనర్ ఇస్తే డైలాగ్ తన ఓనర్‌కి పైనే ఉండాలన్నది విండోస్ నియమం. ఎస్‌డీఎల్ గెట్ విండో డబ్ల్యూఎం ఇన్ఫోతో హెచ్‌డబ్ల్యూఎన్‌డీ (మీ విండోని విండోస్ గుర్తుపట్టే హ్యాండిల్) తీసి ఇవ్వండి.

లైబ్రరీ వద్దు:
నడిమధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను ఏ లైబ్రరీ లేకుండా నేరుగా విన్32తో (విండోస్ సొంత ఫంక్షన్లతో) రాస్తున్నా. ఆల్ట్-ట్యాబ్ కొట్టి వేరేచోటికి వెళ్లి తిరిగొస్తే, ఆల్ట్ ఇంకా నొక్కే ఉందనుకుంటోంది నా ప్రోగ్రాం. తర్వాత ఎంటర్ కొడితే ఆల్ట్-ఎంటర్ అనుకుని ఫుల్‌స్క్రీన్ మార్చేస్తోంది. ఇంకా, మినిమైజ్ చేస్తే అప్పుడప్పుడు క్రాష్.

పాతకాపు:
తమ్ముడూ, ఆల్ట్ నొక్కింది మీ విండోలో, వదిలింది పక్కవాడి విండోలో. వదిలిన కబురు మీ దాకా రాదు. కిల్‌ఫోకస్ మెసేజ్ రాగానే మీ దగ్గరున్న కీల పట్టిక మొత్తం సున్నా చేసేయండి. తిరిగొచ్చాక మొదటి ఫ్రేమ్‌లో కాలం తేడా చూసుకోండి. మధ్యలో పది నిమిషాలు వేరే పనిలో ఉన్నారంటే, ఆ పది నిమిషాలూ ఒకే అడుగులో కదిలి బంతి గోడ దాటిపోతుంది. తేడాకి గరిష్ఠం ఒకటి పెట్టండి.

మినిమైజ్ చేస్తే సైజ్ మెసేజ్ సున్నా బై సున్నాతో వస్తుంది. వెడల్పుని ఎత్తుతో ఎక్కడో భాగిస్తున్నారు మీరు. సైజు సున్నా అయితే ఏమీ చేయకుండా వెనక్కి పొండి. వల్కన్ (ఇంకో గ్రాఫిక్స్ లైబ్రరీ) వాళ్లకీ ఇదే గండం, సున్నా సైజుతో స్వాప్ చెయిన్ కట్టకూడదు.

ఫుల్‌స్క్రీన్ మార్చడానికి మైక్రోసాఫ్ట్‌లో ఉన్న రేమండ్ చెన్ 2010లో బ్లాగులో రాసిన తీరే నేటికీ వాడతా. ముందు గెట్ విండో ప్లేస్‌మెంట్‌తో పాత చోటు దాచుకోవడం, స్టైల్‌లోంచి ఓవర్‌లాప్డ్ విండో బిట్లు తీసేయడం, విండో ఏ మానిటర్ మీద ఉందో దాని దీర్ఘచతురస్రం అడిగి సెట్ విండో పొజ్‌తో అక్కడ పరచడం. ఫ్రేమ్ ఛేంజ్డ్ ఫ్లాగ్ ఇవ్వకపోతే పాత అంచులు దయ్యాల్లా వేలాడుతుంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఇదే తిరగేసి. మానిటర్ (0,0) దగ్గరే మొదలవుతుందని మాత్రం అనుకోవద్దు, ప్రధాన తెరకి ఎడమ పక్కనున్న మానిటర్ ఎక్స్ విలువలు మైనస్‌లో ఉంటాయి. డీఎక్స్‌జీఐ (డైరెక్ట్ఎక్స్‌లో తెరకి ఫ్రేమ్‌లు పంపే భాగం) కూడా వాడుతుంటే, ఆల్ట్-ఎంటర్‌ని అది తనంతట తనే పట్టుకుంటుంది. మేక్ విండో అసోసియేషన్‌తో వద్దని చెప్పకపోతే మీరూ అదీ ఇద్దరూ మార్చి, మార్చనట్టే అవుతుంది.

లైబ్రరీ వద్దు:
మైనస్! రెండో మానిటర్ మీద ఎఫ్11 కొడితే మొదటి దాని మీద తెరుచుకునేది. వారం నుంచీ కేబుల్ని అనుమానిస్తున్నా.

టెర్మినల్ పిచ్చి:
లినక్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. ఎక్స్11లో (లినక్స్‌లో తెరని చూసుకునే పాత వ్యవస్థ) రిజల్యూషన్ మార్చిన ప్రోగ్రాం కూలిపోతే, మార్చిన రిజల్యూషన్ అలాగే ఉండిపోవచ్చు. విండోస్‌లో లాగా సర్దిపెట్టే దిక్కుండదు. ఎక్స్‌ర్యాండర్ అనే కమాండ్‌కి ఆటో ఆప్షన్ ఇచ్చి నడిపితే తిరిగొస్తుంది. కాబట్టి ఇక్కడ కూడా రిజల్యూషన్ ముట్టుకోకపోవడమే సుఖం, విండో మేనేజర్‌ని "ఫుల్‌స్క్రీన్ స్థితిలో పెట్టు" అని అడిగితే చాలు. దాన్ని దాటేయడానికి ఓవర్‌రైడ్ రీడైరెక్ట్ విండోలు (విండో మేనేజర్ పట్టించుకోనివి) వాడితే ఆల్ట్-ట్యాబ్‌లో కనిపించదు, కీబోర్డ్ ఫోకస్ కూడా సరిగా రాదు.

వేలాండ్‌లో (ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త వ్యవస్థ) అసలు గొడవే లేదు, మీ చేతిలో ఏమీ ఉండదు కాబట్టి. విండో ఎక్కడ ఉండాలో చెప్పలేరు, మానిటర్ మోడ్ మార్చలేరు. ఫుల్‌స్క్రీన్ కావాలని అడుగుతారు, కంపోజిటర్ (విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపించేది) ఒక సైజు పంపుతుంది, ఆ సైజుకి గీస్తారు. అడిగిన మరుక్షణం అయిపోయిందనుకుని పాత సైజుతో గీసేవాళ్లే ఎక్కువ. కబురు వచ్చేదాకా ఆగండి. నన్నడిగితే మిగతా చోట్ల కూడా ఇలాగే రాయాలి.

ఇంకోటి, స్వానుభవం. మౌస్‌ని గ్రాబ్ చేసుకున్న ఫుల్‌స్క్రీన్ ప్రోగ్రాం డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగింది. డీబగ్గర్ దాని వెనకాల ఉంది. మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 కొట్టి ఇంకో కన్సోల్‌లో లాగిన్ అయి చంపొచ్చని గుర్తొచ్చేసరికి, పవర్ బటన్ నొక్కేసి ఉన్నా. సేవ్ చేయని ఫైల్ పోయింది. అప్పట్నుంచి డీబగ్ బిల్డ్‌లో గ్రాబ్ చేసే లైనే కంపైల్ కాకుండా పెట్టా.

అర్ధరాత్రి కోడర్:
ఓనర్ ఇచ్చాను. ఇప్పుడు నా విండో మీద క్లిక్ చేస్తే టంగ్‌మని శబ్దం వస్తోంది, అంటే డైలాగ్ ఉన్నట్టే. అయినా కనిపించట్లేదు! పాత పాఠం రాసినవాణ్ణి తిట్టుకుంటున్నా.

పాతకాపు:
పాఠం తప్పు కాదులెండి, ఈసారి ఓపెన్‌జీఎల్ మహిమ. ఓపెన్‌జీఎల్ విండో సరిగ్గా తెర అంత సైజుంటే, డ్రైవర్ దాన్ని కంపోజిటర్ చేతిలోంచి తీసి నేరుగా చూపించేస్తుంది. దాంతో మీ విండో మీద రావాల్సిన మెనూలు, డైలాగ్‌లు తెరకి ఎక్కవు. క్యూటీ అనే లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో కూడా ఈ ఇబ్బంది రాసి, విండోకి ఒక పిక్సెల్ అంచు పెట్టే దారి చూపించారు. మీరు ఎస్‌డీఎల్ ఫుల్‌స్క్రీన్ ఫ్లాగే మానేసి, బోర్డర్‌లెస్ విండో తీసుకుని, డిస్‌ప్లే బౌండ్స్ అడిగి, దానికంటే ఒక్క పిక్సెల్ పెద్దగా పరచండి. "సరిగ్గా తెర అంత" కాదు గనక డ్రైవర్ దాని జోలికి రాదు. అది నచ్చకపోతే డైలాగ్ తెరిచే ముందు ఫుల్‌స్క్రీన్‌లోంచి బయటికొచ్చి, మూశాక తిరిగి వెళ్లండి. చూడ్డానికి మోటుగా ఉంటుంది, కానీ ఏ మెషిన్‌లోనూ ఎదురుతిరగదు.

అర్ధరాత్రి కోడర్:
డైలాగ్ వచ్చింది! వెడల్పు 1921 చేశా. కానీ కుడి పక్క మానిటర్‌లో ఎడమ అంచున పైనుంచి కిందిదాకా వెంట్రుకంత నల్ల గీత. మానిటర్ పాడైందని ఒక నిమిషం భయపడ్డా.

పాతకాపు:
ఆ 1921వ పిక్సెల్ పక్కింట్లో పడింది. వెడల్పు 1920 ఉంచి ఎత్తు 1081 చేయండి. కింద మానిటర్ లేదు కదా?

అర్ధరాత్రి కోడర్:
లేదు. గీత పోయింది. ఒకదాని మీద ఒకటి పేర్చుకునేవాళ్ల కోసం, మానిటర్లు ఏ పక్క ఉన్నాయో చూసి ఖాళీ ఉన్న వైపు పెంచేలా నాలుగు లైన్లు రాసేశా. నాలుగు వైపులా మానిటర్లు ఉన్నవాళ్లకి మాత్రం ఫుల్‌స్క్రీన్‌లోంచి బయటికొచ్చి డైలాగ్ చూపిస్తా.