ఇంజన్ వేడెక్కినప్పుడు ఒక్కోసారి కారు స్టార్ట్ కావడం లేదు: లోపం ఎక్కడుందో తేల్చడం ఎలా?

ఉప్పల్_వాహనదారు:
అందరికీ నమస్కారం. మాది 2014 నాటి పెట్రోలు కారు, మాన్యువల్ గేరు. ఉదయం ఇంటి దగ్గర తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి దాకా ట్రాఫిక్‌లో వెళ్లి, ఇంజన్ ఆపి, కాసేపటికి మళ్లీ తాళం తిప్పినప్పుడు మాత్రం, అదీ ఒక్కోసారి, డ్యాష్‌బోర్డు లైట్లు మామూలుగానే వెలుగుతున్నా లోపల ఒక్కసారి ‘టక్’మని వినిపించి సెల్ఫ్ మోటారు తిరగకుండా ఉండిపోతుంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకువెళితే లోపం బయటపడదు. ఒక మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్చాలన్నారు, మరొకరు ఇగ్నిషన్ స్విచ్ అన్నారు. బ్యాటరీ నిరుడు మార్చినదే. డబ్బు పెట్టే ముందు ఏది చెడిందో తేల్చుకునే మార్గం చెప్పగలరు.

బోయిన్‌పల్లి_పాఠకుడు:
నిరుడు మార్చినదైనా హైదరాబాద్ ఎండలకు బ్యాటరీని నమ్మడానికి లేదండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో బ్యాటరీ వోల్టేజీ 12.6 దగ్గర, ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ముందు టెర్మినళ్లు విప్పి, శుభ్రం చేసి, గట్టిగా బిగించి చూడండి.

పాతకార్ల_అభిమాని:
టెర్మినళ్ల మాట నిజమే కానీ, బ్యాటరీ డౌన్ అయినప్పుడు సాధారణంగా టకటకమని వరుసగా చప్పుడు వస్తుంది, లైట్లు మసకబారతాయి. మీరు చెప్పినది అది కాదు. సెల్ఫ్ తిరుగుతూ ఇంజన్ అందుకోకపోవడం వేరు, సెల్ఫే తిరగకపోవడం వేరు. మొదటిదైతే ఫ్యూయల్ పంపు, క్రాంక్ సెన్సర్ వంటివాటిని అనుమానించాలి. మీది రెండవది కాబట్టి వాటి జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి.

తాళం తిప్పినప్పుడు స్విచ్ నుంచి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఉంటే దాని మీదుగా, ఒక చిన్న వైరు ద్వారా సెల్ఫ్ మోటారు మీద ఉండే, కరెంటు అందితే అయస్కాంతంలా లాగే తీగచుట్ట అయిన సోలనాయిడ్‌కు కరెంటు అందుతుంది. అది పళ్లచక్రాన్ని ముందుకు నెట్టి, అదే కదలికతో లోపలి పెద్ద రాగి కాంటాక్టులను కలిపితేనే మోటారుకు అసలు కరెంటు చేరుతుంది. మీకు వినిపించే ‘టక్’ ఆ కదలికదే. కాంటాక్టులు కలిసి కరెంటు దాటిందో లేదో ఆ చప్పుడు చెప్పదు. ఇక వేడి సంగతి: రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది కనుక, సైలెన్సర్ పైపు పక్కన 50 డిగ్రీలు అదనంగా వేడెక్కిన సోలనాయిడ్ చుట్ట అయిదో వంతు ఎక్కువ నిరోధంతో ఉంటుంది, దానివల్ల దాని లాగే బలం తగ్గుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చాలిన వోల్టేజీ మధ్యాహ్నం చాలకపోవచ్చు.

అందువల్ల షెడ్డులో కాదు, కారు మొరాయించిన చోటనే కొలవాలి. మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే చిన్న పరికరం) కారులో ఉంచుకోండి. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తోడున్నవారిని తాళం స్టార్ట్ స్థానంలోనే పట్టుకోమని, బ్యాటరీ మీద కొలవండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడిందని, లేదా మోటారు బిగుసుకుపోయి విపరీతంగా కరెంటు లాగుతోందని అర్థం. 12 పైనే నిలిస్తే బ్యాటరీ తప్పు కాదు. అప్పుడు సోలనాయిడ్ చిన్న వైరు దగ్గర కొలవండి. అక్కడ దాదాపు బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తూ, సోలనాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య కూడా అంతే కనిపిస్తే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. చిన్న వైరు దగ్గరే తక్కువ వస్తే లోపం అంతకు ముందే ఉన్నట్టు, సెల్ఫ్ మోటారును విప్పవద్దు.

షెడ్డు_బాబాయి:
పై జవాబుకు ఒక్కటి చేరుస్తాను. సెల్ఫ్ బాడీ మీద స్పానర్‌తో మెల్లగా తట్టగానే తిరిగితే కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయని చాలావరకు అనుకోవచ్చు. అప్పుడైనా మొత్తం మోటారు కొనవలసిన పని లేదు. బ్రష్‌లు, కాంటాక్టులు రాణిగంజ్ దుకాణాల్లో అడిగి చూడండి, తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ వేసి ఇస్తారు. కొందరు వేడికి మందుగా అదనపు రిలే పెట్టేస్తారు. దానితో బండి స్టార్ట్ అవుతుంది గాని వోల్టేజీ ఎక్కడ పోతోందో తెలియకుండా పోతుంది. నాకైతే అది నచ్చదు.

ఉప్పల్_వాహనదారు:
నాగోల్ పెట్రోలు బంకు దగ్గర మళ్లీ ఆగిపోయింది, కొలవగలిగాను. తాళం పట్టుకున్నప్పుడు బ్యాటరీ మీద 12.3, చిన్న వైరు దగ్గర 7.8 మాత్రమే. ఇప్పుడు ఇగ్నిషన్ స్విచ్ మార్చాలా?

పాతకార్ల_అభిమాని:
ఇంకా తొందరపడవద్దు. నాలుగున్నర వోల్టులు దారిలో పోతున్నాయి, కానీ ఆ దారిలో స్విచ్, రిలే, కనెక్టర్లు అన్నీ ఉన్నాయి. బానెట్ కింద స్టార్టర్ రిలే ఉంటే, అదే నంబరు గల హార్న్ రిలేతో తారుమారు చేయండి. అయినా మళ్లీ ఆగిపోతే రిలే నుంచి కరెంటు బయటికి వచ్చే కాలి దగ్గర కొలవండి: అక్కడ 12 ఉంటే స్విచ్ నిర్దోషి, లోపం అక్కడి నుంచి సోలనాయిడ్ దాకా ఉన్న వైరులోనే.

ఉప్పల్_వాహనదారు:
రిలేలు మార్చినా ఆగిపోయింది, రిలే దగ్గర 12.1 వచ్చింది. వైరు వెంట వెళ్లి చూస్తే సోలనాయిడ్ మీద తొడిగే కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పట్టి, పట్టు వదులైపోయి ఉంది. వర్షాకాలంలో మా వీధిలో నిలిచే నీళ్లలోంచి నడపడమే కారణమనుకుంటున్నాను. ఎలక్ట్రీషియన్ కొత్త కనెక్టర్ వేశారు. ఇప్పుడు సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 10.8, చిన్న వైరు దగ్గర 10.4 వస్తోంది.

షెడ్డు_బాబాయి:
0.4 తేడా ఫరవాలేదండి. అయితే ఆ నీళ్లే ఇంజన్ ఎర్తింగ్ పట్టీని కూడా తడిపి ఉంటాయి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ కొనకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య కొలవండి, 0.3 దాటితే పట్టీ విప్పి గీకించండి. కొత్త వైరు సైలెన్సర్ పైపుకు తగలకుండా క్లిప్పు వేయించడం మాత్రం ఈ రోజే చేయించండి.