కమీషన్ మీద బతికే బీమా ఏజెంటు పని: దిగొచ్చా, వద్దా?

సూర్యాపేట_శ్రీను
అందరికీ నమస్తే. బైక్ షోరూంలో సేల్స్‌లో పనిచేస్తున్నాను. జీతం 19 వేలు. మా మామయ్యకు తెలిసిన డీవో (ఏజెంట్లను చేర్చే డెవలప్‌మెంట్ ఆఫీసర్) గారు ఒకరు ఎల్‌ఐసీ ఏజెన్సీ తీసుకోమని పట్టుబడుతున్నారు. "నీకు మాట తీరుంది, ఊళ్లో పరిచయాలున్నాయి, ఐదేళ్లు కష్టపడితే తర్వాత కూర్చుని తినొచ్చు" అంటున్నారు. అమ్మ మాత్రం నెల జీతం వదలొద్దంటోంది. పెళ్లయి ఏడాదైంది, బండి ఈఎంఐ ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్లు, చేసి మానేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. డబ్బు ఎంత వస్తుంది, ఎప్పుడొస్తుంది, ఎక్కడ దెబ్బ తగులుతుంది, నాకు తెలియాల్సింది ఇదే.

ఖమ్మం_పెద్దన్న
తమ్ముడూ, ఈ పని మీదే పిల్లల్ని చదివించుకున్నాను, కాబట్టి చెడ్డదని అనను. కానీ డీవో గారి మాటలో "ఐదేళ్లు" అన్నది గట్టిగా పట్టుకో. ఆ ఐదేళ్లు ఎలా గడుస్తాయో లెక్క వేసి చెప్తాను.

2024 అక్టోబరు 1 నుంచి కమీషన్ పద్ధతి మారింది. ఒక్క ఏడాది ప్రీమియం కట్టి మానేసినా సరెండర్ విలువ (పాలసీ మధ్యలో ఆపేస్తే తిరిగొచ్చే డబ్బు) ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొత్త నిబంధన తెచ్చింది. దాంతో ఎల్‌ఐసీ మొదటి ఏడాది కమీషన్‌ను బోనస్‌తో కలిపి 35 శాతం నుంచి 28కి తగ్గించి, రెన్యువల్‌ను, అంటే తర్వాతి ఏడాదుల ప్రీమియం మీద వచ్చే కమీషన్‌ను, 5 నుంచి 7.5కి పెంచింది. ఇది గడువు తీరాక డబ్బు తిరిగొచ్చే దీర్ఘకాలపు ఎండోమెంట్ పాలసీల సంగతి. ఒకేసారి కట్టేసే సింగిల్ ప్రీమియం మీద 2 శాతమే.

నెలకు రెండు పాలసీలు చేశావనుకో. ఒక్కోటి ఏడాదికి 20 వేల ప్రీమియం. ఏడాదికి 24 పాలసీలు, మొత్తం ప్రీమియం 4,80,000. అందులో 28 శాతం అంటే 1,34,400. నెలకు 11,200. ఇందులోంచే పెట్రోలు, ఫోను, టీలు, జిరాక్సులు. రెండో ఏడాది కూడా అంతే వ్యాపారం చేసి, పాతవన్నీ నిలబడితే రెన్యువల్ 36 వేలు కలుస్తుంది. ఐదో ఏడాదికి పాత నాలుగేళ్ల రెన్యువలే 1,44,000 అవుతుంది, కొత్తవాటితో కలిపి 2,78,400. నెలకు 23 వేల పైచిలుకు. నీ ఇప్పటి జీతం దాటడానికి నాలుగైదేళ్లు పడుతుందన్నమాట, అదీ ఒక్క పాలసీ కూడా కిస్తీ కట్టక ల్యాప్స్ కాకపోతే. పంట పోయిన ఏడు రైతు మొదట ఆపేది బీమా కిస్తే. ఆ దెబ్బ నేను తిన్నాను.

మంచి కూడా చెప్పాలి. పదో ఏడాది దాటాక, నువ్వు జ్వరమొచ్చి నెల రోజులు పడుకున్నా రెన్యువల్ నీ ఖాతాలో పడుతుంది. షాపు నడిపేవాడికి ఆ సుఖం లేదు. నిబంధనల ప్రకారం సర్వీసు ఉంటే ఏజెంటు పోయాక కూడా కమీషన్ వారసులకు వస్తుంది. గ్రాట్యుటీ పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచారు. బాగా వ్యాపారం చేసే ఏజెంట్ల క్లబ్‌లో మెంబరయితే ఇంటి లోను, బండి అడ్వాన్సు ఉంటాయి. నా సలహా ఒక్కటే: షోరూం మానొద్దు. సాయంత్రాలు, ఆదివారాలు చెయ్యి. రెన్యువల్ ఒక్కటే నీ ఇంటి కిరాణా ఖర్చుకు సరిపడా వచ్చిన రోజున జీతం వదిలే సంగతి ఆలోచించు.

బెజవాడ_మాజీ
పెద్దన్న గారు ఓపికున్నవాళ్ల కథ చెప్పారు. నేను ఓ ప్రైవేటు కంపెనీలో చేరి రెండేళ్లలో బయటపడ్డాను. కంపెనీ పేరు చెప్పను, చాలాచోట్ల పద్ధతి ఒకటే.

అక్కడ ఏజెంట్లను చేర్చే మేనేజరుకు జీతం ఉంటుంది, టార్గెట్ ఉంటుంది. ఆయన టార్గెట్ నువ్వే. చేరగానే మొదటి పాలసీ నీ పేరు మీద, రెండోది నీ భార్య పేరు మీద, తర్వాత బావమరిది, చిన్నప్పటి స్నేహితుడు. "నువ్వే నమ్మకపోతే జనం ఎలా నమ్ముతారు" అంటారు. ఆరు నెలలకు చుట్టాల జాబితా అయిపోతుంది. అప్పుడు ఫోన్ ఎత్తేవాడు ఉండడు. పెళ్లికి వెళ్తే ఎక్కడ పాలసీ మాట తీస్తానోనని మా బాబాయి కూడా దూరంగా కూర్చునేవాడు. అది నన్ను డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది. ఈలోగా మేనేజరు ఇంకో కంపెనీకి మారిపోయి, అక్కడి నుంచి ఫోన్ చేసి "ఇక్కడికొచ్చెయ్, ఇక్కడ కమీషన్ బాగుంది" అన్నాడు. నన్ను నమ్మి కట్టిన వాళ్లను వదిలేసి ఎలా పోను?

మార్చిలో ఏడాది లెక్కలు ముగించే క్లోజింగ్ గురించి ఎవరూ ముందు చెప్పరు. కస్టమరు నెల కిస్తీ కట్టకపోతే 13 నెలల పర్సిస్టెన్సీ (చేసిన పాలసీల్లో 13వ నెలకూ నిలబడ్డ వాటి శాతం) పడిపోతుంది, నీ మీద మార్కు పడుతుంది. దాంతో ఏజెంట్లు జేబులోంచి కట్టేస్తారు, "తర్వాత తీసుకోవచ్చులే" అని. ఆ డబ్బు తిరిగిరాదు. శ్రీనుగారూ, ఎవరి కిస్తీ అయినా, ఒక్క నెలదైనా, మీరు కట్టకండి.

సూర్యాపేట_శ్రీను
ఇద్దరికీ థాంక్స్. ఇంకో సందేహం. ఇక్కడ అందరూ మొదటి ప్రీమియంలో ఏజెంటు కొంత వెనక్కి ఇస్తాడనే అనుకుంటున్నారు. ఒక మాస్టారు నన్ను నేరుగా "ఎంతిస్తావు?" అని అడిగారు. ఇవ్వకపోతే పక్కవాడి దగ్గరికి పోతారు. ఏం చెయ్యాలి?

గోదావరి_లక్ష్మి
ఇవ్వొద్దు బాబూ. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అలా కమీషన్‌లో వాటా ఇవ్వడం నేరం, 10 లక్షల దాకా జరిమానా. ఇచ్చినవాడిదే కాదు, పుచ్చుకున్న కస్టమరుదీ తప్పే. సెక్షన్ సంగతి అలా ఉంచి నీ లెక్క చూసుకో. పెద్దన్న గారు చెప్పిన 28లో సగం ఇచ్చేస్తే నీకేం మిగులుతుంది? పైగా డిస్కౌంటు కోసం వచ్చినవాడు రెండో ఏడాది కట్టడు, ఇంకొకడి దగ్గర డిస్కౌంటుకు కొత్తది తీసుకుంటాడు. అంటే నీకు రెన్యువలూ పోయినట్టే. "మాస్టారూ, నేను డబ్బు వెనక్కి ఇవ్వను, మీ ఇంట్లో ఏం జరిగినా కాగితాలు పట్టుకుని నేనే తిరుగుతాను" అని చెప్పు. నేను రాజమండ్రిలో ఇదే చెప్పి నిలబడ్డాను.

తిరగడమంటే ఏంటో కూడా తెలియాలి నీకు. మా పేటలో ఒక లారీ డ్రైవరు రోడ్డు ప్రమాదంలో పోయాడు. పాలసీ చేసిన ఏజెంటు పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతని భార్యకు పాలసీ ఉందనే తెలుసు, ఎంతకో తెలియదు. ఇల్లంతా వెతికితే బాండు బియ్యం డబ్బాలో అడుగున, పాత కరెంటు బిల్లులతో కలిపి కవరులో దొరికింది. తీసి చూస్తే నామినీ చోట అత్తగారి పేరు. పెళ్లికి ముందు చేసిన పాలసీ, తర్వాత ఎవరూ మార్చలేదు. తల్లి నామినీగా ఉంటే 2015 సవరణ తర్వాత డబ్బు మీద హక్కు కూడా ఆమెదే. ఆ ముసలావిడకు సంతకం రాదు. క్లెయిమ్ కోసం 3783 ఫారం నింపి, వేలిముద్ర వేయించి, మరణ ధ్రువపత్రం, ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు నకళ్లు పెట్టి, పేరులో ఒక అక్షరం తేడా ఉంటే దానికో అఫిడవిట్ రాయించి, బ్రాంచి చుట్టూ తిరిగాను. అత్తాకోడళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే, ఆవిడే సగం డబ్బు మనవరాళ్ల పేరున డిపాజిట్ వేయిస్తానంది. వేయించింది కూడా.

ఆ పనికి నాకు పైసా కమీషన్ లేదు. అయినా ఈ వృత్తిలో నాకు గౌరవం తెచ్చింది అలాంటి పనులే. ఆ వీధిలో తర్వాత పిలిచి మరీ పాలసీలు చేయించుకున్నారు. నువ్వు ఏజెంటువైతే ముందు చెయ్యాల్సింది, పెళ్లయిన ప్రతి కస్టమరు నామినీ పేరు అడిగి సరిచేయడం.

మామూలు_కస్టమర్
నాకు ఏజెంట్ల మీద కోపం ఉంది, చెప్పుకోనివ్వండి. ఇంటిల్లిపాదీ నా జీతం మీదే బతుకుతున్నాం. ఏడాదికి 60 వేలు కడుతున్నాను, నేను పోతే వచ్చేది చూస్తే రెండేళ్ల ఖర్చుకు చాలదు. తక్కువ ప్రీమియంతో, మనిషి పోతేనే పెద్ద మొత్తం వచ్చే టర్మ్ పాలసీ అనేది ఒకటుందని మా ఏజెంటు నోటితో ఒక్కసారీ చెప్పలేదు. ప్రీమియం తక్కువ కాబట్టి కమీషన్ తక్కువని తర్వాత తెలిసింది. మీరు చెప్పే సేవ నిజమే కావచ్చు, కానీ అమ్మేటప్పుడే నిజం చెప్పాలి కదా?

ఖమ్మం_పెద్దన్న
మీ కోపం న్యాయమైనదే అండీ. కమీషన్ పద్ధతిలో ఉన్న అసలు రోగం ఇదే: ప్రీమియం ఎంత పెద్దదైతే ఏజెంటుకు అంత వస్తుంది, కుటుంబానికి ఎంత రక్షణ ఉందన్నది ఆ లెక్కలోకి రాదు. నేను సంపాదించేవాడి ఇంటికి వెళ్తే ముందు టర్మ్ గురించే మాట్లాడతాను. "కట్టింది తిరిగిరాదా?" అని పదిలో ఎనిమిదిమంది వద్దంటారు. అయినా చెప్పడం మన ధర్మం. ఇప్పుడు కొత్త పాలసీ కాగితాలు చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంది, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ సంగతి కూడా ఏజెంటే చెప్పాలి. అలా వెనక్కిస్తే తన కమీషన్ పోతుంది, అందుకే చాలామంది నోరు విప్పరు.

సఖి_తణుకు
నేను డ్వాక్రా గ్రూపు నుంచి ఎల్‌ఐసీ బీమా సఖిగా, అంటే స్టైపెండ్ ఇచ్చే మహిళా ఏజెంటుగా, చేరాను. శ్రీను అన్నయ్యకు ఇది వర్తించదు, ఆడవాళ్లకే. కానీ వాళ్లింట్లో వదిన ఉంది కదా, అందుకని రాస్తున్నాను. 2024 డిసెంబరులో మొదలైన పథకం. పదో తరగతి చాలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు చేరొచ్చు. మొదటి ఏడాది నెలకు 7 వేలు, రెండో ఏడాది 6 వేలు, మూడో ఏడాది 5 వేలు స్టైపెండ్, కమీషన్ వేరు. అయితే ఊరికే రాదు. ఏడాదికి 24 మందికి పాలసీలు చేయాలి, మొదటి ఏడాది కమీషన్ బోనస్ కాకుండా 48 వేలు రావాలి. మొదటి ఏడాది చేసినవాటిలో 65 శాతం నిలబడితేనే రెండో ఏడాది స్టైపెండ్. ఇది ఉద్యోగం కాదని ముందే రాయించుకుంటారు, మా ఊళ్లో కొందరు గవర్నమెంటు జాబు అనుకుని చేరి ఏడ్చారు.

నాకు బాగా పనికొచ్చింది గ్రూపు మీటింగే. అక్కడ ఎవరికి ఎంత పొదుపు ఉందో, ఎవరు ఎంత కట్టగలరో అందరికీ తెలుసు. కట్టలేని అక్కకు నేను పాలసీ చెప్పను. అందుకే నావి పెద్దగా ల్యాప్స్ కావడం లేదు.

నెల్లూరు_హెల్త్
జీవిత బీమా ఒక్కటే చూడకు తమ్ముడూ. ఒక లైఫ్ కంపెనీ, ఒక జనరల్, ఒక హెల్త్ కంపెనీ ఏజెన్సీలు కలిపి పెట్టుకోవచ్చు. ఆరోగ్య బీమాలో మొదటి ఏడాది కమీషన్‌కూ తర్వాతి ఏడాదులదానికీ మరీ అంత తేడా ఉండదు, కాబట్టి ఆదాయం తొందరగా కుదురుకుంటుంది. కష్టం ఏంటంటే ఫోన్ ఆఫ్ చెయ్యడానికి వీల్లేదు. అర్ధరాత్రి చెన్నై ఆసుపత్రి నుంచి "క్యాష్‌లెస్ కాలేదంటున్నారు" అని ఫోన్ వస్తుంది.

ప్రపోజల్ ఫారంలో షుగరు, బీపీ దాచొద్దు. దాస్తే క్లెయిమ్ ఆగుతుంది, ఊరంతా నిన్నే తిడుతుంది. ముందే రాస్తే ఉన్న జబ్బులకు క్లెయిమ్ రావడానికి ఎక్కువలో ఎక్కువ మూడేళ్ల వెయిటింగ్, అంతే. "రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని కస్టమరే బతిమాలతాడు. అక్కడ మొహమాటపడొద్దు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. జనానికి మంచిదే, పాలసీ చెప్పడం కూడా తేలికైంది. కానీ కంపెనీలకు ఇన్‌పుట్ క్రెడిట్ (తాము కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) పోయింది, కొన్ని కంపెనీలు ఆ భారాన్ని మా కమీషన్‌లో కోశాయి. రేట్లు మన చేతుల్లో ఉండవు. అది తెలిసే దిగాలి.

సూర్యాపేట_శ్రీను
చాలా విషయాలు తెలిశాయి. షోరూం మాననని అమ్మకు చెప్పేశాను. పార్ట్ టైంగా చేస్తే పరీక్ష, పన్ను ఎలా ఉంటాయి?

ఖమ్మం_పెద్దన్న
25 గంటల ట్రైనింగ్, తర్వాత ఏజెంటు కావడానికి రాసే ఐసీ-38 పరీక్ష. 50 ప్రశ్నలు, గంట టైము, తెలుగులో రాయొచ్చు. నెల రోజులు రాత్రిపూట పుస్తకం చదివితే పాసవుతావు. పన్ను విషయానికొస్తే ఏడాదిలో కమీషన్ 20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. రిటర్ను వేస్తే రావాల్సింది వెనక్కి వస్తుంది, పెట్రోలు బిల్లులు దాచుకో.

ఫారం మీద సంతకం పెట్టే ముందు డీవో గారిని ఒకటి అడుగు: మూడేళ్ల కిందట ఆయన దగ్గర చేరినవాళ్లలో ఇప్పుడు ఎంతమంది పనిచేస్తున్నారు? పనిచేస్తున్నవాళ్లలో ఒకరి నంబరు, మానేసినవాళ్లలో ఒకరి నంబరు తీసుకో. ఇద్దరితో ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడి, ఏం చెప్పారో ఇక్కడ రాయి.