స్ప్రాకెట్‌ను షాఫ్ట్‌కే వెల్డింగ్ కొట్టాలా, హబ్ వేసి కీ పెట్టాలా?

పాలిష్‌డ్రమ్: నిజామాబాద్ దగ్గర పసుపు పాలిష్ డ్రమ్ములు తయారు చేస్తాను. 5 హెచ్‌పీ మోటారు, 16బీ సైజు చైను, డ్రమ్ము షాఫ్ట్ 50 ఎంఎం ఈఎన్8 ఉక్కు, నిమిషానికి 60 చుట్లు. దాని మీద 38 పళ్ల ప్లేట్ స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ల చక్రం) పెట్టి నేరుగా షాఫ్ట్‌కే వెల్డింగ్ చేయించాను. సీజన్ మధ్యలో, డ్రమ్ము నిండా కొమ్ములు ఉండగా, షాఫ్ట్ వెల్డింగ్ పక్కనే తెగిపోయింది. రైతు సరుకు రెండు రోజులు అక్కడే ఆగింది. ఆయన ముఖం చూడలేకపోయాను. ఈసారి ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) హబ్‌ను, అంటే షాఫ్ట్ మీద తొడిగే మందపాటి గొట్టాన్ని, స్ప్రాకెట్‌కు వెల్డింగ్ చేసి, అది షాఫ్ట్ మీద జారకుండా మధ్యలో కీ (ఉక్కు చీల) పెడదామనుకుంటున్నాను. మా మేస్త్రి మాత్రం వద్దంటున్నాడు. కీ ఎప్పటికైనా లూజవుతుందట, షాఫ్ట్‌ను వేడి చేసి మంచి రాడ్డుతో మళ్లీ కొడితే చాలట. మీరేమంటారు?

లేత్‌పని: అన్నా, తెగిన ముక్క పారేయకుండా ఒకసారి ఎండలో పట్టుకుని చూడండి. అంచున నునుపుగా, ఒకదాని వెనక ఒకటి అలల్లాంటి గీతలు, చివర్లో కొంచెం మేర గరుకుగా ఉంటే అది ఒక్కసారిగా తెగింది కాదు. వెల్డింగ్ అంచులో వెంట్రుకంత చీలిక మొదలై, తిరిగిన ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం పెరిగింది. చైను లాగుడుకు షాఫ్ట్ వంగుతుంది, తిరుగుతుంటే ఆ వంపు ప్రతి చుట్టుకూ అటూ ఇటూ మారుతుంది. ఈఎన్8లో కార్బన్ సుమారు 0.4 శాతం. వేడి చేయకుండా కొడితే వెల్డింగ్ పక్కన లోహం గాజులా పెళుసవుతుంది. వేడి చేస్తే ఆ పెళుసు తగ్గుతుంది గానీ వెల్డింగ్ అంచు అలాగే ఉంటుంది కదా! తిరిగే షాఫ్ట్‌కు రాడ్డు తగలనివ్వకండి. హబ్ వేయండి.

రైస్‌మిల్ ఫిట్టర్: తమ్ముడూ, అంత గట్టిగా చెప్పకు. మా మిల్లులో ఎలివేటర్ స్ప్రాకెట్లు షాఫ్ట్‌కే కొట్టినవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. కీ పెట్టినవే నన్ను ఏడిపించాయి. నిండు లోడు మీద స్టార్ట్ చేసిన ప్రతిసారీ టక్కుమంటుంది, ఆర్నెల్లకు కీవే (కీ కూర్చునే గాడి) గోడలు నలిగిపోతాయి. ఇక హబ్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య వెల్డింగ్ మాత్రం వెల్డింగ్ కాదా? అది ఊడదని ఏమిటి నమ్మకం?

లేత్‌పని: మంచి ప్రశ్న వేశారు గురువుగారూ, లెక్కే వేద్దాం. 3.7 కిలోవాట్లు, 60 ఆర్‌పీఎం అంటే టార్క్ సుమారు 590 న్యూటన్ మీటర్లు. 90 ఎంఎం హబ్ చుట్టూ ఒక్క వైపే 6 ఎంఎం ఫిల్లెట్ (మూలలో నింపే వెల్డింగ్) వేసినా, వెల్డింగ్ మీద పడేది చదరపు ఎంఎంకు 11 న్యూటన్లు. అది 100 దాకా హాయిగా మోస్తుంది. అదే 14×9 ఎంఎం కీ, 60 ఎంఎం పొడవుదైతే దాని పక్క గోడ మీద 87 పడుతుంది. అంటే మీరన్నట్టు ముందు నలిగేది కీయే. స్టార్టింగ్ కుదుపులో ఇంకా ఎక్కువ. అందుకే హబ్ పొడవు తగ్గించొద్దు, కీ హబ్ పొడవంతా ఉండాలి.

మీ కీలు లూజవడానికి కారణం బోరేనని, అంటే హబ్ లోపలి రంధ్రమేనని, నా నమ్మకం. బోరు వదులుగా ఉంటే గ్రబ్ స్క్రూ (హబ్‌ను షాఫ్ట్‌కు నొక్కిపట్టే తల లేని స్క్రూ) ఎంత బిగించినా స్ప్రాకెట్ ఊగుతుంది, ఊగినప్పుడల్లా కీని కొడుతుంది. చాలామంది హబ్‌ను సైజు బోరు, కీవేతో సహా తయారుచేసి, ఆ తర్వాత వెల్డింగ్ చేస్తారు. ఆ వేడికి బోరు గుండ్రం పోతుంది. ఇక ఎక్కడం లేదని ఎమరీతో రుద్దేస్తారు, అక్కడే లూజు మొదలు. నేనైతే బోరు 46 దగ్గర ఆపుతాను. హబ్ బయట ఒక మెట్టు తిప్పి, ప్లేట్ రంధ్రం దాని మీద బిగుతుగా కూర్చునేలా చేస్తాను. ఎదురెదురుగా నాలుగు ట్యాకులు (చుక్క వెల్డింగ్‌లు), చిన్న చిన్న ముక్కలుగా వెల్డింగ్. చల్లారాక పళ్ల అడుగు నుంచి ట్రూ చేసి (ఊగకుండా సరిచూసి) 50కి బోరు తీస్తాను, కీవే స్లాటింగ్ (గాడి కోయడం) ఆఖరున. బోరు హెచ్7 కొలతలో ఉండాలి, అంటే 50 మీద 25 మైక్రాన్లకు మించి పెరగకూడదు. స్ప్రాకెట్ ప్లేట్ ఈఎన్8 లాంటి సీ45 ఉక్కు అయితే చుట్టూ టార్చ్‌తో వేడి చేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రాడ్డే వాడండి.

స్పేర్లషాపు: ఊళ్లో లేత్ లేనివాళ్లకు ఇదంతా కష్టం. వెల్డింగ్ చేసుకునే టేపర్ హబ్‌లు (ఏటవాలు రంధ్రంలో చీలిన బుష్ బిగించి షాఫ్ట్‌ను పట్టేవి) రెడీగా దొరుకుతాయి. 2517 సైజు బుష్ 2.5 అంగుళాల షాఫ్ట్ దాకా పడుతుంది. విప్పాలంటే స్క్రూలు తీసి, ఒకటి జాకింగ్ రంధ్రంలో బిగిస్తే బుష్ తనే వదులుతుంది. సుత్తి, పుల్లర్ అక్కర్లేదు.

లేత్‌పని: విప్పడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ టేపర్ ముందే ఫినిష్ అయి వస్తుంది, వెల్డింగ్ వేడికి వంకరపోతే మళ్లీ తీయలేం. తొందరపడి ఒకే చుట్టులో కొట్టేవాళ్ల చేతికి దాన్ని ఇవ్వొద్దు.

రైస్‌మిల్ ఫిట్టర్: బోరు ఆఖరున తీయాలన్న మాట నాకు నచ్చింది, అది మేం చేయలేదు. నిదానంగా తిరిగే తేలిక ఎలివేటర్లకు మాత్రం నా మాట నాదే. ఇంకొకటి, ఎవరూ చెప్పలేదు: మెషిన్ మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లాంప్‌ను వెల్డింగ్ చేసే ముక్కకే పెట్టండి. ఫ్రేమ్‌కు పెడితే కరెంటు బేరింగ్ గుండా పోయి బాల్స్ మీద మచ్చలు పడతాయి.

పాలిష్‌డ్రమ్: అందరికీ దండాలు. తెగిన ముక్కలో ఆ అలల గీతలు ఉన్నాయి, మేస్త్రికి కూడా చూపించాను. హబ్ 46 బోరుతో వెల్డింగ్ చేసి, చల్లారాక కొలిస్తే ఒక వైపు 45.9 వచ్చింది. సైజు బోరు ముందే తీసుంటే షాఫ్ట్ ఎక్కేదే కాదు. ఇప్పుడు 50కి తీయించాం, డయల్ గేజ్ పెట్టి కొలిస్తే స్ప్రాకెట్ పక్క ఊపు 0.2 ఎంఎం. పాత షాఫ్ట్‌తో అది కంటికే కనిపించేది. కీవే స్లాటింగ్ రేపు.